ఆదివారపు బంతియు ఆదివారపు మస్టరును



నస్పూరు కాలనీలోని మా చిన్న బాప్టిస్టు సంఘములో ఒక వివాదము లేచినది. ఇటువంటి వివాదము మా యొక్క సంఘములోనే యున్నయెడల పత్రికకు వ్రాసి మీ సమయమును తీసికొనకపోదును. చుట్టుపట్ల సంఘములలోను ఇదే మాట వినుచున్నాను గనుక వ్రాయుచున్నాను.

మా సంఘములో ఒక పెద్దాయన యున్నారు. పేరు వేయవద్దని ఆయనే కోరినారు. వయసులో మంచి పరుగుగాడు. బొగ్గుబాయి ఆటల పోటీలలో తన ఏరియా పక్షమున పరుగెత్తినవారు. బాయి దిగి పనిచేసి, రిటైరయి, ఇప్పుడు మోకాళ్లు అరిగి మెల్లగా నడుచుచున్నారు. ఆరాధనకు ముందు చాపలు పరచువారు ఆయనే. రాత్రివేళ ఎవరికైన జబ్బుచేసిన దవాఖానకు తోడుపోవువారు ఆయనే. సండేస్కూలులో చిన్నపిల్లలు ఆయనను విడువరు. ఇంతవరకు ఎవరికిని అభ్యంతరము లేదు. అయితే ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు, ఆరాధన ముగిసి భోజనములైన పిమ్మట, ఆయన కాలనీ పిల్లలను పోగుచేసి వాలీబాలు ఆడించుదురు. ప్రార్థనతో మొదలు పెట్టి, విజిలు ఊది, తగవులు తీర్చి, చీకటి పడకమునుపే ఇండ్లకు పంపుదురు. మన పిల్లలే గాక ఇతరుల పిల్లలును వత్తురు.

ఇది విశ్రాంతి దినమును అపవిత్రపరచుటయట! ఆయనను సండేస్కూలు నుండి తొలగించవలెననియు, ఆడిన పిల్లలను ప్రభువు బల్లకు దూరముగా నుంచవలెననియు డీకనులలో కొందరు పట్టుబట్టిరి. తమ పక్షమున సాక్షిగా ఎరిక్ లిడ్డెల్‌ను పిలిచిరి. ఆదివారము పరుగెత్తనని ఒలింపిక్సులోనే చెప్పిన భక్తుడు గదా అనిరి.

మంచిది. సాక్షిని పిలిచినది వారే. అయితే సాక్షిని సగము మాట దగ్గర ఆపకూడదు.

ఎరిక్ లిడ్డెల్ బాప్టిస్టు కాడు, కాంగ్రిగేషనల్ సంఘపువాడు. 1902వ సంవత్సరమున చైనాలోని టియాన్‌జిన్ పట్టణమందు స్కాట్లండు మిషనరీలకు పుట్టెను. వారిని పంపినది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో మన విశాఖపట్టణమునకు సువార్త తెచ్చినదియు ఆ సొసైటీయే. 1924లో ప్యారిసు ఒలింపిక్సున నూరు మీటర్ల తొలి పరుగులు జూలై 6, ఆదివారమున పడెను. ఆయన పరుగెత్తలేదు. ఓడ ఎక్కునప్పుడే ఆ సంగతి తెలిసినట్లు 1981లో వచ్చిన సినిమాలో చూపిరి గాని అది నిజము కాదు. ఆయనకు నెలల ముందే తెలియును. అందుచేత నిమ్మళముగా 400 మీటర్లకు సాధన చేసెను. జూలై 11న 47.6 సెకండ్లలో ఆ పరుగు గెలిచి బంగారు పతకము పొందెను. 200 మీటర్లలో కంచు పతకమును వచ్చెను.

మన డీకనులు చెప్పిన సాక్ష్యము ఇక్కడికే ఆగినది. సినిమాయు ఇంచుమించు ఇక్కడికే ఆగినది. ఆయన బ్రదుకు ఇంక ఇరువది యేండ్లున్నది!

కీర్తి శిఖరము మీద నుండగనే, 1925లో, ఆయన చైనాకు పోయి టియాన్‌జిన్ కాలేజీలో విజ్ఞానశాస్త్రము బోధించి ఆటలు నేర్పెను. 1932లో అభిషేకము పొందెను. ఆ పిమ్మట పట్టణము విడిచి, యుద్ధము రేగుచున్న షియావ్‌చాంగ్ పల్లెప్రాంతమునకు పోయెను. అక్కడి మిషను ఆసుపత్రిలో ఆయన అన్న వైద్యుడు. 1941లో అపాయము ముదిరినప్పుడు గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపివేసి తాను నిలిచెను. మూడవ కుమార్తెను ఆయన కన్నులార చూడనే లేదు. 1943లో జపానువారు ఆయనను వెయ్‌షియన్ శిబిరములో బంధించిరి.

ఆ శిబిరములో తలిదండ్రులకు దూరమైన బడిపిల్లలు అనేకులుండిరి. ఆయన వారికి పాఠములు చెప్పెను, ఆటలు పెట్టెను. ఆదివారము మాత్రము ఆటలేదు. అయితే కుర్రవాండ్లు ఒక ఆదివారము తమంతట తామే హాకీ ఆడిరి. తీర్పు చెప్పువాడు లేక ఆట కొట్లాటగా ముగిసెను. అప్పుడు ఆయన యేమి చేసెను? ఆ పిల్లలను వెలివేసెనా? మరుసటి ఆదివారము తానే మైదానమునకు పోయి వారి ఆటకు రిఫరీగా నిలిచెను.

తన స్వంత పతకము కొరకు ఆదివారము అడుగు కదపనివాడు, ఇతరుల పిల్లలు కొట్టుకొనకుండుటకై ఆదివారము మైదానములో నిలిచెను. నియమమును తన మీదికి వచ్చినప్పుడు బిగించుకొనెను, బిడ్డల మీదికి వచ్చినప్పుడు సడలించెను. మనమో, సడలించుట మనకు, బిగించుట పిల్లలకు. మోయలేని బరువులు కట్టి ఇతరుల భుజముల మీద పెట్టువారిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మత్తయి 23లో చదువుకొనుడి.

సడలింపు అంటిని గనుక ప్లేడే సంగతి చెప్పవలెను. సింగరేణిలో వారపు సెలవు దినమును ప్లేడే అందురని బాయి పల్లెలవారికి తెలియును. పేరు ఆట దినము. ఆ దినము మస్టరు పడినవానికి రెట్టింపు కూలి. (ఆట దినమని కంపెనీయే పేరు పెట్టగా, ఆట ఒక్కటే పాపమైనది మన పిల్లలకు!) ఆ మస్టరు కొరకు మన విశ్వాసులు ఎంత ప్రయాసపడుదురో నేనెరుగుదును, ఏలయనగా నేనును ప్రయాసపడితిని. నా కుమార్తె పెండ్లి అప్పు తీరువరకు దొరికిన ప్లేడే నొక్కటియు విడువలేదు. ఆరాధన మానితిని. నన్ను ఎవరును ప్రభువు బల్లకు దూరపరచలేదు. ఆ కూలిలో దశమభాగము తెచ్చి కానుకల సంచిలో వేసితిని; వద్దన్నవారు లేరు సరికదా, పేరు చదివి వినిపించిరి.

పంపు ఆపరేటరును నేను తప్పుపట్టుట లేదు. పంపులు ఆగిన బాయిలో నీరు నిండును. ఫ్యాను ఆగిన గాలి చెడును. ఆదివారమని నీరు ఊరుట మానదు. విశ్రాంతి దినమున బావిలో పడిన ఎద్దును తీయని వాడెవడని ప్రభువే అడిగెను. అప్పులవాని నేమని అందును? నేనును అట్టివాడనే. కాని అవసరమని మనకు మనము చెప్పుకొను న్యాయమును, సాయంకాలము గంటసేపు పరుగెత్తవలెనని కాళ్లు పీకు పదమూడేండ్ల బిడ్డకు ఏల చెప్పము?

మనము బాప్టిస్టులమని చెప్పుకొందుము గదా. 1612లో ఇంగ్లండు రాజుకు, నీవు మనుష్యుడవు, దేవుడవు కావు, ఆత్మల మీద నీకు అధికారము లేదని గ్రంథము వ్రాసి చెప్పిన థామస్ హెల్విస్ మన మూలపురుషులలో నొకడు. ఆ మాటకు ఆయన న్యూగేటు చెరసాలలో వేయబడి అందులోనే ప్రాణము విడిచెను. రాజుకు లేని అధికారము డీకనుల కూటమునకు ఎక్కడిది? దినములను గూర్చి ఎవడు తన మనస్సులో ఏది నిశ్చయించుకొనవలెనో పౌలు రోమా పత్రిక 14వ అధ్యాయములో వానికే విడిచెను. ఎరిక్ తన మనస్సాక్షిని బట్టి పరుగు మానెను. నీవును మానుమని మరియొకని గొంతు పట్టుకొనలేదు.

ఒక మాట ఎదుటివారి పక్షమున ఒప్పుకొందును. ఆట పేరు చెప్పి ఉదయపు ఆరాధన ఎగవేయు పిల్లలున్నారు. వారిని పిలిచి చెప్పవలసినదే. మా పెద్దాయన మొదటినుండియు ఆ కట్టడి పెట్టినారు: ఉదయము గుడిలో కనబడని మన పిల్లవానికి సాయంకాలము బంతి లేదు. దీనికంటె మంచి హాజరుపట్టీ మన సంఘములో ఎన్నడున్నది? ఆయన విజిలు ఆపివేసిన పిల్లలు ఆ సాయంకాలము బైబిలు చదువుదురని తలంచువారు ఒకసారి క్వార్టర్ల వెనుక గోడ దగ్గరకు వచ్చి చూడవలెను. ఫోనులలో క్రికెట్టు పందెములు కాయువారును, సీసా దాచుకొనువారును అక్కడనే యున్నారు. వారిని వెలివేయుటకు ఇంతవరకు తీర్మానము రాలేదు.

ఎరిక్ లిడ్డెల్ 1945 ఫిబ్రవరి 21న, నలువది మూడేండ్ల ప్రాయమున, మెదడులో గడ్డచేత ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించెను. చెర విడుదలకు ఇంక ఆరు నెలలే. తన పాత పరుగు జోళ్లను అతుకులు వేసి స్టీఫెన్ మెట్‌కాఫ్ అను కుర్రవానికి ఇచ్చెను. శత్రువుల కొరకు ప్రార్థించుటయు అతనికి నేర్పెను. ఆ కుర్రవాడు పెద్దవాడై మిషనరీగా పోయినది మరెక్కడికో కాదు, తన్ను చెరపెట్టిన జపానుకే.

మా డీకనుల కూటము వచ్చు శనివారమున్నది. తీర్మానమునకు వ్యతిరేకముగా చేయి ఎత్తుదును. నాతో ఎవరు ఎత్తుదురో తెలియదు. మరునాడు నాలుగు గంటలకు మైదానమునకు పోవుదును. వలకట్టు కర్రలలో ఒకటి వంగినదట, టింబర్‌మన్‌వి గదా, వచ్చి నిలబెట్టుమని పెద్దాయన కబురు పంపినారు.