జింకలకు గాలికుంటు

2025 జూలైలో పూణే కాత్రజ్ జంతు ప్రదర్శనశాలలో 12కు మించి చుక్కల జింకలు కొద్ది రోజులలోనే చనిపోయినవి. పరీక్షలో గాలికుంటు అని తేలినది. మన పాలమూరు, కరీంనగరం పెద్దలకు ఈ పేరు కొత్త కాదు: ఎద్దు నోట చొంగ, గిట్టల సందున పుండ్లు, దుక్కి ఆగిపోవడం. పశువులను పట్టే ఆ క్రిమి గడ్డితోనో, చెప్పుల అడుగున అంటుకొనో, బండి చక్రాల వెంటనో జింకను కూడా చేరుతుంది.

రోగంతోపాటు మనిషివలన కలిగే బెదురును కూడా కొలిచేవారున్నారు. హైదరాబాదు అత్తాపూరులోని లాకోన్స్ పరిశోధకులు వన్యప్రాణిని పట్టకుండానే, అడవిలో దొరికిన పెంటికలలోని హార్మోనులను బట్టి అది ఎంత బెదిరి ఉన్నదో చెప్పగలరు. పెంటికల చదువా అని మా ఆఫీసు మిత్రులు నవ్వారు. నవ్వనీయండి. చాలాకాలం బెదిరి ఉన్న ప్రాణికి రోగాన్ని తట్టుకొనే శక్తి తగ్గుతుంది.

మన బోరివిలి అడవిలోనూ చుక్కల జింకలున్నవి. ప్రక్కనే ఆరే కాలనీ గేదెల తబేలాలు. కన్హేరి గుహలకు పోయే మనవారు జింక కనబడగానే పిల్లలచేత బిస్కత్తులు, పూరీలు వేయించడం మేము చూస్తూనే ఉన్నాము. ఉప్పు రుచికి అది ప్లాస్టిక్ సంచీని సైతం నమిలేస్తుంది. వచ్చే ఆదివారం పోయేవారు పొట్లం విప్పకండి, ఖాళీ సంచీలు ఇంటికే తెచ్చుకోండి.