వణికే చేతికి కొత్త కలం

ఉద్యోగ విరమణ చేసిన తండ్రికీ, పిల్లల పెండ్లిండ్లు ముగించుకున్న తల్లికీ నేడు మనం ఇచ్చే కానుకలలో స్మార్ట్ ఫోనుకో, ట్యాబుకో అగ్రస్థానం. గల్ఫు నుంచి సెలవుపై వచ్చిన కుమారుడు దానిని అమ్మీ చేతిలో పెట్టి, వీడియో కాల్ ఎత్తడం నేర్పి, తిరిగి విమానమెక్కుతాడు. అంతటితో ఆ పరికరం ప్రయోజనం తీరిందనుకుంటాము. కొడుకు మాట్లాడే పది నిమిషాలు పోను మిగిలిన దినమంతా ఆ తల్లి ఏమి చేస్తున్నదని అడిగేవారు అరుదు. ఆ అద్దపు పలకపై ఆమె పువ్వులు, అల్లికలు, అక్షరాలు తీర్చిదిద్దవచ్చునన్న ఆలోచన కలిగేవారు మరీ అరుదు.

కంప్యూటర్‌పై చిత్రాలు గీయడం యువకుల విద్య అన్న అభిప్రాయం మనలో బలంగా ఉన్నది. జపాను దేశస్థుడైన తత్సువో హోరియుచి ఈ పనిని 2000 సంవత్సరంలో, తన అరవయ్యవ ఏట ప్రారంభించారు. ఖరీదైన చిత్రకళా సాఫ్ట్‌వేర్ కొనకుండా, కార్యాలయాలలో జమాఖర్చులు వ్రాసుకునే ఎక్సెల్‌నే ఆయన ఎంచుకున్నారు. అందులోని గీతలు, ఆకారాల ఉపకరణాలతో పర్వతాలను, పూచిన చెర్రీ చెట్లను చిత్రించి ప్రపంచం దృష్టిని ఆకర్షించారు. అమెరికాకు చెందిన హాల్ లాస్కో (1915–2014) వృత్తిరీత్యా అక్షరశిల్పి. వార్ధక్యంలో ఆయన చూపు బాగా మందగించింది. కుటుంబసభ్యులు మైక్రోసాఫ్ట్ పెయింట్‌ను పరిచయం చేయగా, తెరపై చిత్రాన్ని ఎన్నో రెట్లు పెద్దది చేసుకుని, చుక్క చుక్కగా రంగులు నింపుతూ తొంభై దాటిన వయసులోనూ చిత్రించారు. ఈ ఉదంతంలో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది చిత్రకారుని ప్రతిభ కంటే, ఆయన ప్రక్కన కూర్చుని నేర్పిన కుటుంబమే.

వయసు మళ్ళినవారికి ఈ కళ అనుకూలించడానికి స్పష్టమైన కారణాలున్నాయి. కాగితంపై సన్నని గీత కనబడకపోతే చేయగలిగింది లేదు. తెరపై రెండు వేళ్ళతో దానిని పెద్దది చేసుకోవచ్చు. చేయి వణికితే కాగితంపై గీత వంకర పోతుంది. ఉచితంగా లభించే క్రిటా వంటి సాఫ్ట్‌వేర్‌లో స్టెబిలైజర్ అనే అమరిక ఆ వణుకును చాలావరకు సర్ది, గీతను నునుపు చేస్తుంది. వీటికంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కాగితం పాడవుతుందేమో, రంగులు వృథా అవుతాయేమో అన్న సంకోచం ఆ తరం వారిలో అధికం. పొదుపుగా బ్రతికినవారు కదా! అన్‌డూ మీట నొక్కితే తప్పిన గీత మాయమవుతుందని తెలిసిన క్షణం నుంచి వారి చేయి ధైర్యంగా కదులుతుంది. అయితే ఈ సదుపాయానికి అంతు లేదు. ఒకే పూరేకును పూటంతా గీసి చెరుపుతూ కూర్చునేవారూ ఉన్నారు. పది గీతల వరకు అన్‌డూ జోలికి పోరాదని నియమం పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం.

ఇక, ఏమి గీయాలి? ప్రాణుల చిత్రాల విషయంలో విద్వాంసుల మధ్య గల చర్చ మన పాఠకులకు తెలిసినదే. దానిలోకి మేము వెళ్ళడం లేదు. వాటిని వదలినా ఒక జీవితకాలానికి సరిపడే పని మిగిలే ఉన్నది. అరబ్బు దేశాలలో ముద్రితమయ్యే ముస్‌హఫులలో హిజ్బులోని నాల్గవ భాగాన్ని సూచించే ఎనిమిది కోణాల నక్షత్రాన్నే తీసుకోండి. ఒక చతురస్రం గీసి, దాని నకలును అదే కేంద్రంపై 45 డిగ్రీలు త్రిప్పితే ఆ నక్షత్రం సిద్ధమవుతుంది. మధ్యలో అష్టభుజి దానంతటదే ఏర్పడుతుంది. వృత్తలేఖిని పట్టలేని వేళ్ళకు కూడా ఇది సాధ్యమే.

చతురస్ర కూఫీ లిపి మరింత సులభం. సమర్‌ఖందులోని గూరె అమీర్ గోడలపై ఇటుకలతో కూర్చిన అక్షరాలు ఈ కోవలోనివే. ఇందులో వంపులు ఉండవు; గీత వెడల్పు, గీతల నడుమ ఖాళీ ఒక్కొక్క గడి చొప్పున సమానంగా ఉంటాయి. ఎక్సెల్ గడులను చతురస్రాలుగా మార్చి, కావలసినవాటికి రంగు నింపితే చాలు. అయితే ఈ లిపిలో చుక్కలను తరచుగా విడిచిపెడతారు. ఒక గడి తప్పితే పదమే మారిపోవచ్చు. కనుక పవిత్ర నామాలను, ఆయతులను గోడకు తగిలించే ముందు అరబీ తెలిసినవారికి తప్పక చూపించాలి.

పూలు, లతలు ఇష్టపడేవారికి లేయర్ల పద్ధతి ఉపకరిస్తుంది. జర్దోజి పనివారు పలుచని కాగితంపై నమూనా గీసి, సూదితో చిల్లులు పొడిచి, వస్త్రంపైకి దించుకునే ఖాకాను ఎరిగినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధులపై గల గచ్చు పనితనాన్ని ఫొటో తీసి అడుగు లేయరుగా ఉంచి, పై లేయరులో అనుసరించి గీసి, చివరకు ఫొటోను తొలగించవచ్చు. ఏళ్ళ తరబడి కసీదా కుట్టిన చేయి, ఈద్ ముందు రాత్రులలో ఇంటిల్లిపాదికీ మెహందీ పెట్టిన చేయి ఈ పనిని కొత్తగా భావించదు.

పదవ శతాబ్దంలో బగ్దాదు మంత్రి ఇబ్నె ముఖ్లా, కలం మొనతో పడే చుక్కను కొలతగా తీసుకుని అక్షరాల పరిమాణాలకు నియమం ఏర్పరచారు. రాజకీయ కక్షలలో ఆయన కుడిచేతిని నరికివేశారు. ఆ మొండిచేతికే కలం కట్టుకుని వ్రాశారని చరిత్రకారులు పేర్కొన్నారు. సాధనం మారితే కళ కళ కాకుండా పోతుందని వాదించేవారికి మేము ఈ ఒక్క ఉదంతాన్నే గుర్తుచేస్తాము.

వాస్తవమైన ఆటంకం ఇంట్లోనే ఉన్నది. “ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మీ?” అన్న మాట ఎంత మృదువుగా అన్నా, ఆ తల్లి మరునాడు ట్యాబును ముట్టదు. నేర్పేవారి అసహనం అంతకన్నా ప్రమాదకరం. మనుమడు ఆమె చేతిలోని ట్యాబును లాక్కుని, నాలుగు మీటలు టకటక నొక్కి, “ఇంతే నానీ!” అని తిరిగి ఇస్తాడు. ఆమెకు ఏమీ బోధపడదు. మళ్ళీ అడగడానికి మొహమాటం. పరికరం ఎల్లప్పుడూ నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. దినానికి ఒక్క విషయం, అదీ అసర్ నమాజు తరువాత ఓ అరగంట చొప్పున, నెలరోజులు చెప్పగలిగితే చాలు. నేర్చుకునే మీటల పేర్లను ఆమె తనకు వచ్చిన లిపిలో, ఉర్దూలోనో తెలుగులోనో, ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి.

గీసిన దానిని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టినప్పుడు బొటనవేలి గుర్తు ఒకటి పంపి ఊరుకోకండి. ఆ నక్షత్రానికి నీలం రంగే ఎందుకు వేసిందో అడిగి చూడండి. సమాధానం పావుగంటకు తక్కువ ఉండదు.

చిత్రాన్ని అచ్చు వేయించదలిస్తే ఆరంభంలోనే ఏ4 పరిమాణం, 300 డీపీఐ ఎంచుకోవాలి. అంటే 2480, 3508 పిక్సెళ్ళ పలక. చిన్న పలకపై గీసి తరువాత పెద్దది చేయిస్తే అంచులు మసకబారుతాయి. తెరపై వెలిగిన రంగులు కాగితంపై కొంత కాంతి తగ్గి కనిపిస్తాయన్న సంగతిని కూడా, ముద్రణ దుకాణానికి బయలుదేరక ముందే ఆమెకు చెప్పి ఉంచండి.