99 లేని స్మార్ట్

1965లో మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ సృష్టించిన ‘గెట్ స్మార్ట్’ అమెరికా టీవీలో ఐదేళ్లు నడిచింది. గూఢచారి మాక్స్‌వెల్ స్మార్ట్ తడబాటు ఒక్కటే అందులో నవ్వు పుట్టించలేదు. అతని పొరపాట్లను నొప్పించకుండా సరిదిద్దే ఏజెంట్ 99 సహనమూ ఆ నవ్వును పుట్టించింది. 1980లో అదే స్మార్ట్ ‘ద న్యూడ్ బాంబ్’గా వెండితెర ఎక్కినప్పుడు స్మార్ట్ పాత్రధారి డాన్ ఆడమ్స్ ఉన్నారు, 99గా మెప్పించిన బార్బరా ఫెల్డన్ లేరు. లోకంలోని బట్టలన్నిటినీ మాయం చేసే బాంబు వచ్చింది, ఛేజింగులు వచ్చాయి. ఆ జంట మాత్రం రాలేదు. పెద్దతెరకు హంగు కావాలి కదా అంటారు. కావాలి, నిజమే. కానీ స్మార్ట్‌లా బూటును చెవికి ఆనించి ఫోను మాట్లాడే మనిషిని చూసి మనం నవ్వాలంటే, పక్కనే దాన్ని మామూలు సంగతిగా తీసుకునే మనిషి ఒకరుండాలి. 2008 ‘గెట్ స్మార్ట్’ సినిమా ఆన్ హాథవే రూపంలో 99ని వెనక్కి తెచ్చింది. కథలో లోపాలున్నా, స్మార్ట్‌గా నటించిన స్టీవ్ కరెల్ పక్కన ఆమె నిలబడినంతసేపూ పాత నవ్వు బతికే ఉంది.