మెదడు ఆపరేషన్‌కు ముందు బొమ్మ ఎందుకు?

ప్రశ్న: మా అక్కగారికి 46 సంవత్సరాలు. తలనొప్పులకని స్కాన్ తీయిస్తే మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి ఉందన్నారు. ఆపరేషన్ చేయాలట. ముందుగా త్రీడీ ప్రింటింగ్‌తో బొమ్మ చేసుకుంటారట. "బొమ్మ మీద నేర్చుకుని మనిషి మీద చేస్తారా?" అని మా బావగారు వద్దంటున్నారు. ఏమి చేయమంటారు?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ బావగారికి నచ్చజెప్పండి. ఆ బొమ్మ ఆపరేషన్ నేర్చుకోవడానికి కాదు. రక్తనాళాల వంపులు అందరికీ ఒకే తీరుగా ఉండవు. మీ అక్కగారి నాళం ఎటు తిరిగింది, బుడగ మెడ ఎంత వెడల్పు అన్నది పుర్రె తెరవకముందే చేత పట్టుకుని చూసుకోవడానికి.

స్కాన్ యంత్రం తలను పొరలు పొరలుగా ఫొటోలు తీస్తుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరు, లేదా అంతకన్నా తక్కువ. కంప్యూటరు వాటిని పేర్చి ఆకారం తయారుచేస్తుంది. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్లు, అచ్చుయంత్రం కరిగిన ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పోసి ఆ ఆకారాన్ని నిలబెడుతుంది. ద్రవాన్ని కాంతితో గట్టిపరిచే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో చార్లెస్ హల్ 1986లో పేటెంటు పొందినది దానికే.

బుడగ మెడకు బిగించే క్లిప్పుల్లో ఎన్నో సైజులు, వంపులు ఉంటాయి. ఏది సరిపోతుందో, ఏ వైపు నుంచి వెళ్లాలో సర్జన్ ముందే సరిచూసుకుంటారు. కంపవాతానికి మెదడులో తీగ అమర్చేటప్పుడు కూడా కొన్నిచోట్ల ఆ రోగి తలకే సరిపడే చట్రాన్ని ఇలాగే తయారుచేస్తారు. దాని రంధ్రంలోంచి తీగ అనుకున్న చోటికి దిగుతుంది.

అయితే బొమ్మ ఉంది కదా, ఇక ప్రమాదం లేదనుకోకండి. ప్లాస్టిక్ నాళం నుంచి రక్తం కారదు. పుర్రె తెరిచి, మెదడు చుట్టూ ఉండే నీరు తీసేసరికి మెదడు కొంచెం జరుగుతుంది. బొమ్మ జరగదు! అక్కడ పనికొచ్చేది సర్జన్ అనుభవమే.

మీరు అడగవలసినవి వేరే ఉన్నాయి. చిన్న బుడగలు కొన్నిటిని ఆపరేషన్ లేకుండా, అప్పుడప్పుడు స్కాన్ తీస్తూ గమనించవచ్చు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పంపి కాయిల్ పెట్టే చికిత్స కూడా ఉంది. మీ అక్కగారికి ఏది తగునో, ఎందుకో చెప్పించుకోండి. (ఆ తలనొప్పులకు ఈ బుడగే కారణమని కూడా అనుకోనక్కరలేదు.) రక్తపోటు ఉంటే మాత్రలు ఒక్క రోజు కూడా మానరాదు.

ఈలోగా ఎప్పుడైనా హఠాత్తుగా తల పగిలిపోతున్నంత నొప్పి వచ్చినా, దానితో వాంతులైనా, మెడ బిగుసుకున్నా, స్పృహ తప్పినా, బొమ్మ కోసం ఆగకండి. మీకు గుంటూరు దగ్గరే. రాత్రయినా సరే, మెదడు ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి.