బోట్ల డీజిల్ ట్యాంకుల భద్రతకై వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర మత్స్యశాఖ మంత్రి గారికి, న్యూఢిల్లీ.
ప్రతి: భారత ప్రమాణాల సంస్థ, మానక్ భవన్, న్యూఢిల్లీ.

విషయం: వేట నిషేధ కాలంలో ఇంధన ట్యాంకుల తనిఖీ, మార్పిడికి సాయం గురించి.

ఆర్యా,

2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. బోట్లలోని డీజిల్, వంటగ్యాస్ సిలిండర్లు ఆ మంటలను ఇంకా పెంచాయి. అలాంటి డీజిల్ ట్యాంకుల మీదే మేము వండుకుంటున్నాం, నిద్రపోతున్నాం.

చాలా బోట్లలో ఉన్నవి ఇనుప రేకును వెల్డింగ్ చేసిన ట్యాంకులే. డీజిల్ కంటే నీరు బరువు కనుక లోపలి తేమంతా అడుగుకు దిగుతుంది. పైన రంగు చెక్కు చెదరదు, అడుగున మాత్రం రేకు తుప్పుపట్టి చిల్లు పడుతుంది. నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగట తయారవుతుంది. కెరటాలకు అది కదిలి ఫిల్టర్‌ను మూసేస్తే నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధంలో సగం ఖాళీ ట్యాంకులతో బోట్లు కట్టేసి ఉంటాయి. రాత్రి చల్లదనానికి ట్యాంకులోని గాలిలో ఉన్న తేమ నీరవుతుంది. నిషేధం ముగిసి తొలి వేటకు వెళ్లేది ఆ ట్యాంకులతోనే.

ఇనుప రేకుకు బదులు వేరేది వాడదామన్నా చిక్కులే. జింకు పూత రేకు డీజిల్‌కు పనికిరాదు. ఆ జింకు కరిగి ఇంజెక్టర్ల దగ్గర పేరుకుంటుంది. అల్యూమినియం తేలికే గానీ, ఇత్తడి అమరికలు తగిలిన చోట ఉప్పునీరు దాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు, వేడికి మాత్రం ఆగదు.

కాబట్టి ఏటా నిషేధ కాలంలోనే ప్రతి హార్బర్‌లో ట్యాంకులు ఖాళీచేసి, కడిగి, లీకులు పరీక్షించే ఏర్పాటు చేయండి. ఇదే మా ప్రధాన కోరిక. విశాఖలోనే కేంద్ర మత్స్య సాంకేతిక, శిక్షణ సంస్థలైన సిఫ్ట్, సిఫ్నెట్‌ల కేంద్రాలున్నాయి, ఈ బాధ్యత వాటికి అప్పగించవచ్చు. కడగడానికి మనిషిని ట్యాంకులోకి దించే పద్ధతిని పూర్తిగా ఆపించండి. లోపల ఊపిరాడక ప్రాణం పోతుంది. పంపులు, గొట్టాలు సర్కారే సమకూర్చాలి.

పాడైన ట్యాంకు మార్చుకోవడానికి 2020లో మొదలైన మత్స్య సంపద యోజన తరహాలో సబ్సిడీ ఇవ్వండి. బోట్లకు ట్రాన్స్‌పాండర్లు ఇస్తున్నందుకు కృతజ్ఞులం. అయితే అవి ఆగిన బోటు ఎక్కడుందో చెప్పగలవు గానీ దాన్ని నడిపించలేవు.

మా ఊళ్లలోని వెల్డర్లకు అర్థమయ్యేలా ట్యాంకు నమూనాను బొమ్మలతో తెలుగులో అచ్చువేయండి. అడుగున నీరు వదిలే కుళాయి, లోపల ఇంధనం అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డురేకులు, కెరటం నీరు చొరబడని గాలిగొట్టం, ఇంజిన్ గది బయట నుంచే డీజిల్‌ను ఆపగల వాల్వు అందులో తప్పనిసరిగా ఉండాలి.

వచ్చే ఏప్రిల్ 15 లోపే ఉత్తర్వులు ఇప్పించాలని వేడుకుంటున్నాం.

ఇట్లు,
ఆంధ్ర తీరపు బోటు యజమానులు, సరంగులు, డ్రైవర్లు, కలాసీలు
న్యూఢిల్లీ