రికీ రే ట్రేడ్: అభిమానుల జ్ఞాపకానికీ ఒక తూకం ఉండాలి

2011 డిసెంబరు 12న కెనడాలోని ఎడ్మంటన్ ఫుట్‌బాల్ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ రికీ రేను టొరంటో ఆర్గోనాట్స్‌కు ఇచ్చేసింది. బదులుగా తీసుకున్నది స్టీవెన్ జైల్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్‌ను, గ్రాంట్ షా అనే కిక్కర్‌ను, 2012 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) తొలి రౌండు ఎంపిక హక్కును. రే అప్పటికే 2003లో, 2005లో ఎడ్మంటన్‌కు కెనడా లీగ్ విజేతకిచ్చే గ్రే కప్ సాధించి పెట్టినవాడు. ఏడాది తిరగకుండానే అతను నూరో గ్రే కప్ ఫైనల్లో టొరంటోను గెలిపించాడు, అదీ టొరంటో సొంత మైదానంలో. ఎడ్మంటన్ అభిమానుల నోట ఈ సంగతి ఇప్పటికీ నలుగుతూనే ఉంది. అయిపోయిన పెళ్లికి మేళమెందుకని ఇలాంటి ముచ్చట్లను కొట్టిపారేసేవాళ్లున్నారు. పాత ట్రేడ్‌లను గుర్తుంచుకోవడం, వాటి గురించి వాదించుకోవడం అభిమాని హక్కని నేను నమ్ముతాను. అయితే ఆ తీర్పులో న్యాయం ఉండాలంటే, తర్వాత ఎవరు కప్పు గెలిచారన్నది పక్కన పెట్టి, సంతకాలు పెట్టిన రోజు ఎవరికి ఏం తెలుసన్నది చూడాలి. అలా చూసినా రే ట్రేడ్ తప్పే. దాన్ని తప్పనడానికి అభిమానులు చెప్పే కారణం మాత్రం సరైంది కాదు.

ఈ ఆట మనం మామూలుగా ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెడుతూ ఆడే ఆట. అమెరికా వాళ్లది జట్టుకు 11 మందితో, నాలుగు ప్రయత్నాలతో సాగితే, కెనడాలో జట్టుకు 12 మంది; పది గజాలు ముందుకు పోవడానికి మూడే ప్రయత్నాలు. ప్రయత్నాలు తక్కువ కాబట్టి బంతి విసరడం మీదే ఎక్కువ భారం. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను గాడిలో ఉంటే జట్టంతా గాడిలో ఉంటుంది. ఇంకో రెండు సంగతులు కూడా తెలిస్తే తప్ప ఈ ట్రేడ్‌ల గొడవ అర్థం కాదు. మొదటిది, జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంది. 2007 నుంచి దాన్ని గట్టిగా అమలు చేస్తున్నారు, కాబట్టి ఒక పెద్ద జీతగాణ్ని ఉంచుకుంటే మరికొందరిని వదులుకోక తప్పదు. రెండోది, ప్రతి జట్టులోనూ ఇంతమంది కెనడా ఆటగాళ్లు ఉండి తీరాలన్న నియమం ఉంది. అందువల్ల మంచి కెనడా ఆటగాడికీ, డ్రాఫ్ట్ ఎంపికకూ బయటివాళ్లకు కనిపించేదానికంటే ఎక్కువ విలువ ఉంటుంది. వీటికి తోడు లీగ్ చాలా చిన్నది. ఇప్పుడు తొమ్మిది జట్లు; 2011 నాటికి ఎనిమిదే. అంత చిన్న లీగ్‌లో వదులుకున్న ఆటగాడు కళ్ల ముందు నుంచి ఎక్కడికీ పోడు. అతను వచ్చే సీజన్‌లోనే ఎదురు జట్టు జెర్సీలో మీ మైదానంలో దిగుతాడు.

రే విషయంలో జరిగింది అదే. 2012లో ఎడ్మంటన్ 18 మ్యాచ్‌ల్లో ఏడే గెలిచింది. జైల్స్, కెర్రీ జోసెఫ్, మాట్ నికోల్స్ అంటూ ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లతో సీజన్‌ను నెట్టుకొచ్చింది. అయినా లీగ్ నియమాల పుణ్యమా అని, పశ్చిమ విభాగం జట్టే అయినా, తూర్పు విభాగం ప్లేఆఫ్స్‌లో చోటు దొరికింది. అక్కడ సెమీఫైనల్లో ఎదురైన జట్టు టొరంటో. ఎదురుగా బంతి విసిరింది రికీ రే. టొరంటో 42-26తో గెలిచింది. అదే నెలలో టొరంటో గ్రే కప్ ఫైనల్లో కాల్గరీని 35-22తో ఓడించింది. ఆ నెలలోనే ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్ ఎరిక్ టిల్మన్ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు ఎడ్మంటన్ గెలిచిన మ్యాచ్‌లు నాలుగు. అభిమాని గుండెలో ఈ వరుస అలాగే అచ్చు పడిపోయింది: రేను ఇచ్చారు, జట్టు కూలింది, అవతలివాడు కప్పు ఎత్తాడు. ఇందులో ప్రతి ముక్కా నిజమే. అయితే ఈ వరుస ఒక్కటే రుజువైతే, అదే టిల్మన్ దాదాపు నాలుగేళ్ల ముందు చేసిన మరో ట్రేడ్‌ను ఏమనాలి?

2007లో సస్కాచువాన్ రఫ్‌రైడర్స్ జట్టు 18 ఏళ్ల తర్వాత గ్రే కప్ గెలిచింది. ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ కెర్రీ జోసెఫ్‌దే. కప్పు గెలిచిన మత్తు ఇంకా దిగకముందే, 2008 మార్చిలో, ఆ జట్టు జనరల్ మేనేజర్‌గా ఉన్న టిల్మన్ జోసెఫ్‌ను ఇచ్చేశారు. తీసుకున్నది కూడా టొరంటోయే. కప్పు గెలిపించిన మనిషిని, అత్యుత్తమ ఆటగాణ్ని, నాలుగు నెలలు తిరగకుండా పంపించడం అంటే ఏ లెక్కన చూసినా రే ట్రేడ్ కంటే సాహసం. కానీ ఆ ఏడాది జోసెఫ్‌ను తీసుకున్న టొరంటో నాలుగే మ్యాచ్‌లు గెలిచింది; వదులుకున్న సస్కాచువాన్ 12 గెలిచింది. ఆ తర్వాత సస్కాచువాన్‌లో డేరియన్ డురాంట్ ఎదిగాడు, 2009, 2010లలో జట్టును ఫైనల్‌కు తెచ్చాడు, 2013లో రెజైనాలో సొంత ప్రేక్షకుల ముందు కప్పు గెలిపించాడు. కాబట్టి ఒకే మేనేజర్, ఒకే ఆలోచన (ఖరీదైన క్వార్టర్‌బ్యాక్‌ను మంచి ధర వచ్చినప్పుడు ఇచ్చేయడం), కొన్న జట్టు కూడా ఒకటే. అయినా ఒకచోట ఆయనకు తెలివైనవాడన్న పేరు వచ్చింది, మరోచోట తిట్లు మిగిలాయి. 2012లో ఎడ్మంటన్ తరఫున ఆడిన ఆ కెర్రీ జోసెఫ్ ఈ కెర్రీ జోసెఫే అని గుర్తు చేసుకుంటే, ఈ లీగ్ ఎంత ఇరుకైనదో, ఫలితాల్లో అదృష్టం వాటా ఎంతో తెలుస్తుంది.

అయితే రెండూ ఒకటేనా? కాదు. తేడా ఫలితంలో వెతికితే దొరకదు, ట్రేడ్ జరిగిన రోజునే చూడాలి. 2008లో సస్కాచువాన్ ఇంట్లో మార్కస్ క్రాండెల్ ఉన్నాడు. 2001 గ్రే కప్‌లో కాల్గరీ తరఫున అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన అనుభవజ్ఞుడు. అతని వెనక 2006 నుంచి జట్టులో పని నేర్చుకుంటున్న డురాంట్ ఉన్నాడు. జోసెఫ్ వయసు అప్పటికే 34. అంటే ఆ ట్రేడ్‌లో పోయేవాడి స్థానాన్ని ఎవరు నింపుతారన్న ప్రశ్నకు జవాబు జట్టులోనే ఉంది. ఎడ్మంటన్ సొంత చరిత్రలోనూ ఇలాంటి ఉదాహరణ ఒకటుంది. 1987లో కప్పు గెలిచాక ఆ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ డనిగన్‌ను బ్రిటిష్ కొలంబియా లయన్స్‌కు ఇచ్చింది. ఎందుకు ఇవ్వగలిగింది? ఆ 1987 ఫైనల్లోనే డనిగన్ గాయపడితే అతని బదులు దిగి అవార్డు కొట్టిన డేమన్ అలెన్ ఉన్నాడు. అతనితో పాటు ట్రేసీ హామ్ కూడా ఉన్నాడు. 1989లో హామ్ నడిపిన ఎడ్మంటన్ 18 మ్యాచ్‌ల్లో 16 గెలిచింది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో సస్కాచువాన్ చేతిలో ఓడి కప్పు పోగొట్టుకుంది, అయినా డనిగన్‌ను ఇవ్వడం తప్పని ఎవరూ అనలేరు. అంటే ఎడ్మంటన్ అభిమానులకు పెద్ద క్వార్టర్‌బ్యాక్‌ను వదులుకోవడం కొత్త కాదు, దాన్ని అర్థం చేసుకోలేనివాళ్లూ కారు.

2011 డిసెంబరులో అలాంటి జవాబు లేదు. రే వయసు 32; కెనడా ఆటలో క్వార్టర్‌బ్యాక్‌కు అదేమీ ముసలితనం కాదు. ఆ ఏడాది అతను జట్టును 11 విజయాలతో పశ్చిమ విభాగం ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అతని బదులు వచ్చిన జైల్స్ అప్పటికి విన్నిపెగ్‌లోనూ టొరంటోలోనూ ఆడాడు గానీ, ఎక్కడా స్థిరపడలేదు. టిల్మన్ వైపు నుంచి చెప్పాల్సింది ఒకటుంది: సస్కాచువాన్‌లో ఉన్నప్పుడు జైల్స్‌ను ఆయన దగ్గరుండి చూశారు, కాబట్టి అది గుడ్డి నమ్మకం కాదు. రేకు ఇచ్చే పెద్ద జీతం మిగిలితే మరికొందరు మంచి ఆటగాళ్లను తెచ్చుకోవచ్చన్న వాదనలోనూ పస ఉంది. కానీ లీగ్‌లో నాలుగైదుగురికి మించి లేని స్థాయి క్వార్టర్‌బ్యాక్‌ను ఇచ్చి, బదులుగా కచ్చితంగా ఆ స్థాయిలో లేడని అందరికీ తెలిసినవాణ్ని తీసుకుని, తేడాను ఒక కిక్కర్‌తో, ఒక డ్రాఫ్ట్ ఎంపికతో పూడ్చుకోవాలనుకోవడం ఆ రోజు లెక్కలోనే పొసగదు. 2012లో టొరంటో ఫైనల్లో ఓడి ఉన్నా నా మాట ఇదే. కప్పు గెలవడం ఆ తప్పును లోకానికి చూపించింది, అంతే.

దీనికి ఎడ్మంటన్ అభిమానుల్లోనే కొందరి దగ్గర ఒక జవాబు ఉంటుంది. రే పోవడం వల్లే కదా మైక్ రైలీ వచ్చింది, అతను 2015లో కప్పు గెలిపించాడు కదా, అంతా మన మంచికే అని. వినడానికి ఊరటగా ఉంటుంది. కానీ రైలీని తెచ్చింది టిల్మన్ తర్వాత వచ్చిన ఎడ్ హార్వీ. 2013లో బ్రిటిష్ కొలంబియాలో ట్రావిస్ లూలే వెనక అవకాశం కోసం ఎదురుచూస్తున్న ఆటగాణ్ని గుర్తించి పట్టుకొచ్చిన ఘనత ఆయనది. ఇల్లు తగలబడ్డాక ఇంకొకరు వచ్చి మంచి ఇల్లు కట్టిస్తే, నిప్పంటించినవాడికి అందులో వాటా ఇవ్వం. ఇలా గొలుసు కట్టుకుంటూ పోతే ఏ తప్పునైనా ఒప్పు చేసేయవచ్చు. అప్పుడు మేనేజర్లను అడగడానికి ఏ ప్రశ్నా మిగలదు.

అభిమానుల జ్ఞాపకంలో నాకు కనిపించే అసలు లోపం వేరే ఉంది. అది పెద్ద పేర్ల చుట్టే తిరుగుతుంది. సస్కాచువాన్ కథనే ఇంకాస్త దగ్గరగా చూడండి. 2006లో ఒటావా జట్టు మూతపడింది. దాని ఆటగాళ్లను మిగతా జట్లకు పంచారు. ఆ పంపకంలో మొదటి ఎంపిక హక్కు కోసం సస్కాచువాన్ కోరీ హోమ్స్‌ను, స్కాట్ గోర్డన్‌ను హామిల్టన్‌కు ఇచ్చింది. ఆ ఎంపికతోనే కెర్రీ జోసెఫ్‌ను తెచ్చుకుంది. మరుసటి ఏడు జేసన్ ఆర్మ్‌స్టెడ్‌ను హామిల్టన్‌కు ఇచ్చి అదే హోమ్స్‌ను వెనక్కి రప్పించింది. అప్పుడు అందరి చూపూ హోమ్స్ మీదే. అతనితో పాటు వచ్చిన క్రిస్ గెట్జ్‌లాఫ్ అనే కుర్రాణ్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. గెట్జ్‌లాఫ్‌ది రెజైనాయే. ఆరేళ్ల తర్వాత, 2013 గ్రే కప్‌ను సస్కాచువాన్ అదే ఊళ్లో హామిల్టన్ మీదే 45-23తో గెలిచినప్పుడు, ఆ ఫైనల్లో అత్యుత్తమ కెనడా ఆటగాడి అవార్డు అందుకున్నది అతనే. జట్లు ఇలాగే కట్టుబడతాయి. రే, జోసెఫ్ లాంటి పేర్ల మీద గంటలు గడిపే అభిమాని గెట్జ్‌లాఫ్ వచ్చిన దారి కూడా చెప్పగలిగితేనే తన జట్టు ఎలా ఓడిందో, ఎలా గెలిచిందో పూర్తిగా తెలిసినవాడవుతాడు.

మరో లోపం కూడా ఉంది, ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. స్టీవెన్ జైల్స్ ఈ కథలో ఒక ధరగా మాత్రమే మిగిలిపోయాడు. తనకు ఆ వెల కట్టింది అతను కాదు. వేరొకరి స్థానంలోకి రమ్మంటే వచ్చాడు, ఆడమంటే ఆడాడు. గ్రాంట్ షా కొన్నేళ్లు ఎడ్మంటన్‌కు నిలకడగా కిక్కర్‌గా పనిచేశాడు. అతని పేరు ఎత్తేది కూడా రే ప్రస్తావన వచ్చినప్పుడే. మేనేజర్ నిర్ణయాన్ని ఎంత గట్టిగా విమర్శించినా తప్పులేదు. ఆ విమర్శ ఆటగాడి మీదకు మళ్లితే అది అన్యాయం.

పాతవాటిని తవ్వుకుంటే కొత్త ఆటగాళ్లకు ఊపిరాడదని, ఇది వ్యాపారమని, లెక్కలు నిపుణులకు వదిలేయాలని మరో అభ్యంతరం వినిపిస్తుంది. ఈ లీగ్‌లో ఆ మాట చెల్లదు. సస్కాచువాన్, విన్నిపెగ్ జట్లు ఈనాటికీ ఊరి సొత్తు. వాటికి సొంతదారంటూ ఒక ధనవంతుడు లేడు. ఎడ్మంటన్ కూడా అలాగే నడిచింది, 2024లో ఒక వ్యాపారవేత్త కొనేదాకా. 1987లో సస్కాచువాన్ జట్టు అప్పుల్లో మునిగితే ఆ రాష్ట్ర ప్రజలు టీవీలో విరాళాల కార్యక్రమం పెట్టి నిలబెట్టుకున్నారు. డబ్బులిచ్చి బతికించుకున్నవాళ్లు లెక్క అడగకూడదంటే ఎలా? పైగా మేనేజర్లు, కోచ్‌లు వస్తారు, పోతారు. ఎక్కువమంది ఆటగాళ్లు రెండు మూడు సీజన్లకు మించి ఉండరు. ముప్పై ఏళ్లుగా అదే సీట్లో కూర్చుంటున్నవాళ్లు అభిమానులే. 1972 నుంచి 2005 వరకు 34 సీజన్లు వరుసగా ప్లేఆఫ్స్‌కు వెళ్లిన ఎడ్మంటన్, 2019 నుంచి 2023 మధ్య సొంతగడ్డ మీద వరుసగా 22 మ్యాచ్‌లు ఓడింది. ఎక్కడి నుంచి ఎక్కడికి జారామో కొలిచి చెప్పగలిగేది ఆ రెండూ చూసిన కళ్లే.

రే 2017లో టొరంటోకు మరో కప్పు అందించాడు. అతని వయసు అప్పుడు 38. ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా నాలుగు గ్రే కప్‌లు గెలిచిన మొదటివాడు అతనే. 2022లో కెనడా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఇవేవీ ట్రేడ్ జరిగిన రోజు ఎవరికీ తెలియవు. అందుకే జట్లను నడిపేవాళ్లను నేను కోరేది ఒక్కటే. ఒక పెద్ద ఆటగాణ్ని వదులుకున్న రోజున ఎందుకు వదులుకుంటున్నారో, అతని స్థానంలో ఎవరిని నమ్ముకున్నారో సీజన్ టికెట్లు కొన్నవాళ్ల ముందు నిలబడి స్పష్టంగా చెప్పండి. చెప్పింది రాసి ఉంచండి. పదేళ్ల తర్వాత అభిమానులు ఆ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకోనివ్వండి.