నచికేతుడు తిరస్కరించిన భూస్వర్గం

అర్మగెద్దోను అనే మహాసంగ్రామంలో దుష్టులందరూ నశిస్తారనీ, శేషించిన భక్తులకు ఈ భూమియే ఉద్యానవనమవుతుందనీ, అక్కడ జరారోగమరణాలు ఉండవనీ యెహోవా సాక్షులు ఇంటింటికీ వచ్చి బోధిస్తారు. వారి తెలుగు పత్రిక ‘కావలికోట’ కూడా చెప్పేది ఇదే. వారి శ్రద్ధను శంకించనక్కరలేదు. శంకింపదగినది ఆ వాగ్దానం.

దాని చరిత్రయే దానికి ప్రతికూలసాక్ష్యం. నాడు జీవించి ఉన్న లక్షలాదిమందికి ఇక మరణమే లేదని 1920లో ఆ సంస్థాధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ ప్రకటించాడు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు 1925లో సశరీరులై లేచివస్తారన్నాడు. ఎవరూ రాలేదు. అయినా 1929లో అమెరికాలోని శాన్ డియేగోలో ఒక భవనం నిర్మించి, దావీదు మొదలైన పూర్వపురుషులు వచ్చి నివసించాలని దస్తావేజు వ్రాయించారు! అందులో నివసించినవాడు రూథర్‌ఫర్డే. 1942లో అక్కడే దేహం చాలించాడు. 1948లో దానిని అమ్మివేశారు. తరువాత 1975 మీద ఆశలు పెట్టారు. మిగిలిన కొద్దికాలం ప్రచారానికే వినియోగించాలని గృహాలు అమ్ముకున్నవారిని 1974లో ఆ సంస్థ పత్రం ప్రశంసించింది. 1976 వచ్చింది. ఆ గృహాలు తిరిగి రాలేదు.

గణితం తప్పింది కనుక సిద్ధాంతం తప్పు కాదని కొందరంటారు. సరే, సిద్ధాంతాన్నే చూద్దాం. ఒకానొక దినాన ఆరంభమయ్యే సుఖానికి అంత్యదినం ఉండి తీరుతుంది. జన్యమైనది అనిత్యమన్నది వేదాంతంలో ప్రథమపాఠం. వారి గ్రంథమే, వేయి సంవత్సరాల తరువాత సాతాను విడుదలై జనులను మళ్ళీ మోసగిస్తాడని చెబుతున్నది. అంటే ఆ ఉద్యానంలోనూ మోసపోగల మనస్సు చెక్కుచెదరక ఉన్నదన్నమాట.

కఠోపనిషత్తులో యముడు నచికేతునికి ఇవ్వజూపినది అచ్చంగా ఇదే: విశాలభూమండలం, కోరినంత ఆయుస్సు, పుత్రపౌత్రులు, గజాశ్వాలు. ఆ బాలుడు వాటిని వద్దని, మరణానంతరం ఆత్మ ఉన్నదా లేదా అన్న ప్రశ్నకే సమాధానం కోరాడు. యయాతి పుచ్చుకున్నాడు. పూరుని యౌవనంతో వేయి సంవత్సరాలు భోగించి, కామం శమించదని గ్రహించి, ఆ యౌవనాన్ని కుమారునికి తిరిగి ఇచ్చివేశాడు. అట్టి దేహానికి మృత్యువు కూడా లేకుంటే దానిని వరమనడం ఎట్లా?

వేరొక ప్రశ్న ఇంతకన్న కఠినం. మర్యాదగా నమస్కరించి, బోధ వద్దని తలుపు వేసుకున్న పక్కింటి గృహస్థు ఆ సంగ్రామంలో ఏమవుతాడు? అతని వినాశం మీద పెరిగిన తోటలో నీడకు కూర్చొనేవాడు భక్తుడెట్లా అవుతాడు?

ఇది పరమతం మీద మాత్రమే వేయవలసిన ప్రశ్న కాదు. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహకూటమి ఏర్పడినప్పుడు ప్రళయం వస్తుందని ఈ దేశంలోనూ జనం వణికారు. సత్యయుగం గుమ్మంలోనే ఉన్నదని వేదికలెక్కి చెప్పేవారు నేటికీ ఉన్నారు. కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలు, అందులో ఒక పాదం 1,08,000, గడచినవి 5,100 పైచిలుకు. ప్రతి ప్రాతఃకాలం సంకల్పంలో ‘ప్రథమపాదే’ అని ఉచ్చరించి, సాయంకాలం సభలో యుగాంతం వచ్చేసిందని చెప్పేవారు, ఆ రెండింటిలో ఏది అసత్యమో ముందు తేల్చుకోవాలి.